నొప్పి దాచుకున్న మాంత్రికుడు

అనగనగా పొగడవరాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు కత్తి పట్టాడంటే ఎదురులేదు. రెండోవాడు చండసేనుడు బాణం వేశాడంటే తిరుగులేదు. మూడోవాడు ఇందుసేనుడికేమో తలనొప్పి.

నవ్వకండర్రా. అది మామూలు తలనొప్పి కాదు, పార్శ్వపు నొప్పి. పొద్దుతో పాటు ఎక్కేది, పొద్దు నడినెత్తికి వచ్చాక గానీ దిగేది కాదు. అంతవరకూ పాపం తలుపులు మూసుకుని పడుకునేవాడు. "మావాడు మధ్యాహ్నం వీరుడు" అని అన్నలు ఎగతాళి చేసేవాళ్ళు. దాది గంగుమ్మ మాత్రం రోజూ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తూ, "ఎక్కడ నాయనా నొప్పి?" అని అడిగేది.

"రోజూ అక్కడే కదా, మళ్ళీ అడుగుతావేం?"

"అడిగితే సగం దిగుతుంది బాబూ. మిగతా సగానికి శొంఠి."

ఇలా ఉండగా పొరుగు రాజుగారి కూతురు కువలయని జటాలుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో పెట్టాడు. ఆమెని విడిపించడానికి శూరసేనుడు వెళ్ళాడు, రాయైపోయాడు. చండసేనుడు వెళ్ళాడు, అతనూ రాయైపోయాడు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి రాణి మెతుకు ముట్టలేదు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఇందుసేనుడు తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను వెళ్ళి అన్నల్ని తీసుకొస్తాను."

"ఆ తలనొప్పితోనా నాయనా?"

"అది నన్ను వదిలి ఉండదమ్మా. దాన్నీ వెంటబెట్టుకునే వెళ్తాను. నువ్వు మాత్రం ఇంత మజ్జిగైనా తాగుతూ ఉండు."

పోయాడు పోయాడు, అడవి వచ్చింది. అక్కడ తేనెకి ఆశపడి మూతి వాచిపోయిన ఎలుగుబంటి ఒకటి మూలుగుతోంది. "ఎక్కడ మామా నొప్పి?" అని అడిగాడు. "కళ్ళు కనబడటం లేదా?" అని కసిరింది ఎలుగు. కసురుతూనే చూపించింది. తేనెటీగల ముళ్ళన్నీ ఒక్కొక్కటే లాగేశాడు. ఎలుగు అతన్ని వీపు మీద ఎక్కించుకుని అడవి దాటించింది.

పోయాడు పోయాడు, కొండ వచ్చింది. కొండ మొదట్లో ఒక లేడి నొప్పులు పడుతోంది. "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగి, అది ఈనేదాకా నక్కలు రాకుండా కావలి కాశాడు. పిల్ల లేచి నిలబడ్డాక లేడి అడ్డదారి చూపించి కొండ దాటించింది.

పోయాడు పోయాడు, సముద్రం వచ్చింది. ఒడ్డున వీపు మీది డిప్ప పగిలిన ముసలి తాబేలు పడుంది.

"ఎక్కడవ్వా నొప్పి?"

"డిప్ప కింద. నూరేళ్ళనాటిది. మందేమైనా తెచ్చావా?"

"లేదవ్వా."

"మరెందుకు అడిగావు?"

"ఊరికే. కాసేపు కూర్చుంటాను."

కూర్చున్నాడు. ఓడ ఎలా గుద్దిందో, అప్పుడు చుట్టాలంతా చూసీ చూడనట్టు ఎలా ఈదుకుపోయారో తాబేలు వివరంగా చెప్పుకుంది. చెప్పి చెప్పి అలిసిపోయి, "సరే, ఎక్కు" అంది. ఏడు సముద్రాలూ దాటించింది.

దీవిలో దిగేసరికి పొద్దు బారెడెక్కింది, తలనొప్పీ దానితో పాటే ఎక్కింది. తోటలో చిలక పంజరం, దాని పక్కన రెండు రాళ్ళు ఉన్నాయి. ఆ రాళ్ళ మీద ఎండుటాకులు ఊడుస్తూ కువలయ కనబడింది. అతనెవరో తెలుసుకుని ఆమె జరిగింది చెప్పింది.

"మాంత్రికుడి ప్రాణం ఈ చిలకలో ఉందని లోకమంతా అనుకుంటుంది. మీ పెద్దన్నగారు దీన్ని కత్తితో పొడిచారు. రెండో ఆయన బాణం వేశారు. పాపం విలవిల్లాడింది గానీ చావలేదు. వాడు నవ్వుతూ వచ్చి ఇద్దర్నీ రాళ్ళు చేశాడు."

ఇందుసేనుడు తల పట్టుకుని పంజరం ముందు కూలబడ్డాడు. ఇతనూ పొడవడానికే వచ్చాడనుకుని చిలక కళ్ళు మూసుకుంది.

"ఎక్కడ నొప్పి?" అని అడిగాడు.

చిలక కళ్ళు తెరిచింది.

"మూడొందల ఏళ్ళయింది బాబూ. వచ్చినవాడల్లా ప్రాణం ఎక్కడని అడిగాడు గానీ నొప్పి ఎక్కడని అడగలేదు. నాలో ఉన్నది వాడి ప్రాణం కాదు, వాడి నొప్పి. వాడికి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ దుఃఖం ఓర్చుకోలేక, తాత దగ్గర నేర్చిన మంత్రంతో నాలోకి తోసేశాడు. అప్పట్నుంచి దెబ్బ వాడికి తగిలినా బాధ నాదే."

"తిరిగి ఇచ్చే దారి లేదా?"

"ఉంది. నా కాలిగోళ్ళు వాడి ఒంట్లో దిగి, నూరు లెక్కపెట్టేంతసేపు ఉండాలి. అప్పుడు ఎవరి నొప్పి వాళ్ళకి పోతుంది."

"గోళ్ళు దిగుతుంటే నూరుదాకా ఏ మనిషి ఊరుకుంటాడు? రెండో అంకెకే విదిలించి కొడతాడు" అంది కువలయ.

ఇందుసేనుడు అంత తలనొప్పిలోనూ నవ్వాడు. "ఏ మనిషీ ఊరుకోడు. వీడు ఊరుకుంటాడు. నొప్పి తెలిస్తే కదా విదిలించడానికి?"

ఆ మాటకి కువలయ కూడా నవ్వింది, వెంటనే పంజరం తలుపు తీసింది.

ఇంతలో జటాలుడు రానే వచ్చాడు. జడలు కట్టిన జుట్టు భుజాల నిండా పడి ఉంది. "ఒకడు కత్తి తెచ్చాడు, ఒకడు బాణం తెచ్చాడు. నువ్వేం తెచ్చావురా?" అన్నాడు.

"తలనొప్పి తెచ్చాను."

"అదెలా ఉంటుంది?"

"చెబుతాను వినండి. ముందు కంటి వెనక సన్నగా మొదలవుతుంది..."

మాంత్రికుడు చేతిలోని మంత్రదండం సంగతి మరిచిపోయి, కథ వినే పిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. "తర్వాత?" అన్నాడు. చిలక వెనకనుంచి వచ్చి జడల కింద దూరి గోళ్ళు దించింది. "ఆ తర్వాత?" అన్నాడు. కువలయ చీపురు పట్టుకుని ఊడుస్తూ మనసులో లెక్కపెడుతోంది. నెత్తురు వీపు మీదుగా కారుతున్నా వాడికి తెలియలేదు.

నూరైంది. జటాలుడి ముఖం మారింది. "అబ్బా" అని భుజం పట్టుకుని కూలబడ్డాడు. మూడొందల ఏళ్ళ కత్తిపోట్లూ కాలిన గాయాలూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అన్నిటికన్నా వెనక పెద్దది ఒకటి వచ్చింది. "అమ్మా" అంటూ నేలమీద పొర్లి పొర్లి ఏడ్చాడు. ఇందుసేనుడు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఎక్కడ నొప్పి?"

జటాలుడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇక్కడ. మా అమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే" అన్నాడు.

ఏడ్చి ఏడ్చి తల ఎత్తేసరికి ఎదురుగా రెండు రాళ్ళు కనబడ్డాయి. వాళ్ళకీ తల్లి ఉంటుందని అప్పటికి తోచింది వాడికి. పాక్కుంటూ వెళ్ళి మంత్రం వెనక్కి చదివాడు. శూరసేనుడు లేస్తూనే కత్తి దూశాడు.

"ఆగన్నా" అన్నాడు ఇందుసేనుడు. "వాళ్ళింట్లో మనిషి పోయింది."

శూరసేనుడికి ఏమీ అర్థం కాలేదు. కానీ చావు జరిగిన ఇంట్లో కత్తి ఎత్తకూడదు కదా, దించేశాడు.

చిలక ఒళ్ళు తేలికై రివ్వున ఎగిరి, రాణికి కబురు చెప్పింది. ఆవిడ ఆ పూటే పెరుగన్నం తిన్నది. అన్నదమ్ములు పది రోజులూ దీవిలోనే ఉండి, ఆ తల్లికి జటాలుడి చేత పిండం పెట్టించారు. ఆ తర్వాతే అందరూ తాబేలెక్కి బయల్దేరారు.

కువలయ ఇందుసేనుణ్ణే చేసుకుంటానంది. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు, మనవల్ని ఎత్తుకున్నారు, అదంతా నేను చెప్పకపోయినా మీకు తెలిసిందే. పెళ్ళిలో జరిగిన ముచ్చట ఒక్కటి మాత్రం చెబుతాను.

అప్పగింతల వేళ కువలయ తండ్రి కళ్ళు తుడుచుకుంటుంటే, పందిట్లో ఓ మూలనుంచి అంతకన్నా గట్టిగా ఏడుపు వినబడింది. చూస్తే జటాలుడు.

"ఇదేం విడ్డూరమయ్యా? మా అమ్మాయిని ఎత్తుకుపోయింది నువ్వేగా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అన్నాడు రాజు.

"అందుకే ప్రభూ. ఆ రోజు మీకు ఇంతకన్నా ఎక్కువే ఉండి ఉంటుంది. నాకు తెలియలేదు."

రాజు వచ్చి పక్కన కూర్చుని, తన ఉత్తరీయం కొస అతని చేతికిచ్చాడు. పల్లకీ కనుమరుగయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.