పంటు హారను పెట్టుకున్న పెళ్లికూతురు

అనగనగా ఒక పెద్ద ఏరు. ఏటి నడుమ ఒక లంక. లంకలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ముసలి పికప్ బండి.

కథ చాలా చిన్నది. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోగా చెప్పేస్తాను.

అయితే ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఊరి పేరు ఆకులలంక. అక్కడ ఇంటింటికీ ఒక తమలపాకు తోట ఉంటుంది, ఇంటింటికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఆకులు అమ్ముకుంటారు. అభిప్రాయాలు ఊరికే పంచుతారు.

ఊరి ప్రెసిడెంటుగారికి ఒక ట్రాక్టరు ఉంది. బురద అంటుతుందని ఆయన దాన్ని పొలంలోకి దింపరు. దిష్టి తగలకుండా దాని ముందు లైట్లకు నల్లరంగుతో కనుబొమ్మలు దిద్దించారు. ఆ ట్రాక్టరు ఎదురైతే ఎవరో పెద్దమనిషి కోపంగా చూస్తున్నట్టు ఉంటుంది. ప్రెసిడెంటుగారు ఎదురైనా అంతే.

పాల వ్యాను పోతురాజు తన వస్తువులన్నిటి మీదా తెల్లరంగుతో పేరు రాసుకుంటాడు. చెంబు మీద, మంచం మీద, వ్యాను టైర్ల మీద. అతని భార్య ఆ రంగుడబ్బాకు దూరంగా కూర్చుంటుందని అంటారు. నేను చూడలేదు.

ఇక పంటు నడిపే సరంగు ఒకడు. పంటు అంటే బండ్లనూ మనుషులనూ కలిపి ఏరు దాటించే బల్లపరుపు పడవ. దానికి ఒక హారను ఉంది. అది మోగితే అవతలి ఒడ్డున పడుకున్న కుక్కలు లేచి నిలబడతాయి. ఎదురుగా కొంగ కూడా లేకపోయినా సరంగు దాన్ని మోగిస్తాడు.

ఏం చెబుతున్నాను? బండి.

ఆ ముసలి బండి మావుళ్లుది. తెల్లవారగానే ఆకుల బుట్టలు ఎక్కించుకుని, ఏటిగట్టు మీద నుంచి రేవు వాలులోకి దిగి, పంటు ఎక్కి, పట్నం సంతకు చేరేది. దాని రంగు ఎప్పుడో వెలిసిపోయింది. మొదట అది నీలమా ఆకుపచ్చా అనే విషయం మీద ఊళ్లో రెండు పార్టీలు ఉండేవి. రెండు పార్టీలూ దాన్ని పెద్దమ్మ అనే పిలిచేవి.

పెద్దమ్మ మాట్లాడేది. బండి మాట్లాడడమేమిటని అడక్కండి. నక్క మాట్లాడిందంటే నోరు తెరుచుకుని వింటారు. కాకి మాట్లాడిందంటే తలూపుతారు. బండి చేసిన పాపమేమిటి?

అదే ఊళ్లో అబ్బులు అనేవాడికి ఇంకో పికప్ ఉండేది. అదీ పాతదే. కానీ అబ్బులు ఏటా రంగు వేయించి, అద్దానికి పూసల దండ వేలాడదీసి, వెనక తలుపు మీద నెమలిని గీయించాడు. అందరూ దాన్ని పెళ్లికూతురు అనేవారు. దాని బ్రేకు ఆయిలు ఎక్కడో కారిపోయేది. ఎక్కడ కారుతోందో అబ్బులు ఎప్పుడూ వెతకలేదు. కారిన చోట నెమలి లేదు కదా.

ఇలాంటి బండ్లు ఏడాదికోసారి పట్నం వెళ్లి, బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి ముందు నిలబడి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తామని ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకోవాలి. ఆకులలంకలో దీనికి ఒక ఆచారం ఉంది. పెళ్లిచూపుల నాడు పిల్లకు పక్కింటి గొలుసు పెట్టినట్టు, పరీక్ష నాడు బండికి ఊరివాళ్ల సామాన్లు అరువు పెడతారు. సాయంత్రానికి ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తారు. ఇది మోసమని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. సాయమనే అనుకునేవారు.

ఆ ఏడు ఆకుల షావుకారు వీరభద్రం ఒక మాట చెప్పాడు.

"కాగితం ఉన్న బండికే నా ఆకు ఎక్కిస్తాను. లేని బండి వాకిట్లోకి కూడా రావద్దు."

ఆ మాట విని మావుళ్లు భార్య అచ్చియమ్మ ఇంకో మాట చెప్పింది.

"ఏటికి వరద వచ్చేలోగా కాగితం రాకపోతే దీన్ని పాత ఇనుము కింద అమ్మేద్దామయ్యా. బండి మనల్ని మేపుతోందో, మనం బండిని మేపుతున్నామో నాకు తెలీడం లేదు."

పాత ఇనుము కొనేవాడికి ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, మర్నాడే వచ్చి పెద్దమ్మ తలుపు మీద వేళ్లతో కొట్టి చూశాడు. "గట్టి సరుకే" అన్నాడు. ఇంజను ఆపి ఉన్నా పెద్దమ్మ ఒకసారి దగ్గింది.

పరీక్ష దగ్గరపడింది. మావుళ్లు ఇంటికి ముగ్గురు వచ్చారు.

మొదట పోతురాజు వచ్చాడు. "నా టైర్లు తీసుకెళ్లు బావా. పేరు చెరపకు చాలు."

తర్వాత ప్రెసిడెంటుగారు వచ్చారు. "లైట్లు పట్టుకెళ్లరా. కనుబొమ్మలు జాగ్రత్త."

ఆఖరున సరంగు వచ్చాడు. హారను తువ్వాల్లో చుట్టి చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు.

మావుళ్లు చెయ్యి చాపబోయాడు. అప్పుడు పెద్దమ్మ అడిగింది.

"ఒరే మావుళ్లూ, రేపు వాలులో దిగేది ఎవరి కాళ్ల మీద?"

"నీ కాళ్ల మీదే పెద్దమ్మా."

"మరి చూపించేది ఎవరి కాళ్లు?"

మావుళ్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముగ్గురూ అక్కణ్నుంచి నేరుగా అబ్బులు ఇంటికి వెళ్లారు. ఆకులలంకలో సాయం చేద్దామని బయల్దేరినవాడు చేయకుండా ఇంటికి తిరిగిరాడు.

పరీక్ష నాడు పంటు హారను లేకుండానే ఏరు దాటింది. సరంగు దారి పొడుగునా నోటితో కూస్తూ నడిపాడు. కుక్కలు లేవలేదు.

పట్నంలో ఇన్‌స్పెక్టరుగారు ముందు పెళ్లికూతురి చుట్టూ తిరిగారు. బక్కపలచని మనిషి. ప్రతి బండి యజమానినీ ఒకే ప్రశ్న అడిగేవారు.

"ఈ బండికి ఏం బాలేదు?"

"ఏమీ లేదండి. అన్నీ బాగున్నాయండి" అన్నాడు అబ్బులు.

"టైర్ల మీద ఈ పోతురాజు ఎవరు?"

"మా ఇలవేల్పండి."

ఇన్‌స్పెక్టరుగారు టైరుకు దణ్ణం పెట్టబోయి ఆగారు. "లైట్లకు కనుబొమ్మలేమిటి?"

"దిష్టికండి."

హారను కొట్టమన్నారు. అబ్బులు కొట్టాడు. ఆఫీసులో గుమాస్తా చేతిలో టీ ఒలికింది. అబ్బులు ఆ పూటకు నిండా ఆయిలు పోసి ఉంచాడు గనుక బ్రేకు కూడా పట్టింది. పెళ్లికూతురు పాసయింది.

తర్వాత పెద్దమ్మ వంతు.

"ఈ బండికి ఏం బాలేదు?"

మావుళ్లు నేల చూపులు చూశాడు. "బ్రేకు కొడితే ఎడమకు లాగుతుందండి. టైర్లు అరిగాయండి. వెనక లైటు ఒకటి వెలగదండి."

ఇన్‌స్పెక్టరుగారు వంగి చూశారు. మూడూ నిజమే. "ఈ ప్రశ్నకు జవాబు ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలీదు" అన్నారు. అని, ఫెయిల్ చేశారు.

ఊరు బాగా నవ్వింది. ఆకులన్నీ పెళ్లికూతురు ఎక్కాయి. రేవు వాలులో దిగేటప్పుడు చక్రం కింద వేయడానికి కొయ్యదుంగలు పట్టుకుని ఇద్దరు కూలీలు పక్కన నడిచేవారు. ఎందుకని అడిగితే అబ్బులు, "మర్యాద కోసం" అనేవాడు.

మావుళ్లు తోటల్లో కూలికి వెళ్లాడు. వచ్చిన డబ్బుతో బ్రేకులు బాగుచేయించాడు, టైర్లు మార్పించాడు. రెండోసారి పట్నం వెళ్లాడు.

"ఇప్పుడేం బాలేదు?"

"వెనక లైటండి."

మళ్లీ ఫెయిలు. ఊరు ఈసారి కొంచెమే నవ్వింది. అలవాటైపోయింది.

"ఆ ఒక్కటీ చెప్పకపోతే ఏం పోయేదయ్యా? ఆయన అడిగిందానికల్లా చెప్పేయడమేనా?" అంది అచ్చియమ్మ.

"అడిగాడు గదే."

"నేనూ అడుగుతున్నాను. రేపు పొయ్యిలోకి ఏం పెట్టాలి?"

మావుళ్లు మళ్లీ కూలికి వెళ్లి లైటు కూడా వేయించాడు. ఈలోగా ఏట్లో వరద తెచ్చే ఎర్రనీరు కనిపించింది. ఇనుము కొనేవాడు తూకం రాయి వెంటపెట్టుకుని వచ్చి, రేపు పొద్దున్న తీసుకెళ్తానని చెప్పి వెళ్లాడు.

ఎర్రనీటితో పులసలు కూడా వచ్చాయి. పులసలు రాగానే షావుకారు వీరభద్రం ఇన్‌స్పెక్టరుగారిని ఆ రోజే భోజనానికి పిలిచాడు. ఎందుకు పిలిచాడో నేను చెప్పను. షావుకారు తన అల్లుడికి కూడా చేప ముక్క ఆలోచించి వేసే మనిషి.

ఇన్‌స్పెక్టరుగారు పంటు ఎక్కారు. సరంగు హారను కొట్టాడు. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఈ హారనును నేను ఎక్కడో పాస్ చేశాను."

"లోకంలో ఇలాంటిది ఇంకోటి లేదండి" అన్నాడు సరంగు గర్వంగా.

"నా అనుమానమూ అదే."

గట్టు ఎక్కగానే పాల వ్యాను ఎదురైంది. దాని నాలుగు చక్రాల మీదా ఇలవేల్పు పేరు గిర్రున తిరుగుతోంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే ట్రాక్టరు నిలబడి ఉంది. అది కనుబొమ్మలు ముడిచి ఆయన్నే చూసింది. ఇన్‌స్పెక్టరుగారు షావుకారు ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నారు. పులుసు మాత్రం రెండుసార్లు వేయించుకున్నారు.

భోజనమయ్యేసరికి పెద్ద వాన కురిసి వెలిసింది. రేవుదాకా మోకాలి లోతు బురద. బండి లేనిదే వెళ్లడం కుదరదు. షావుకారు కబురు పెడితే అబ్బులు వచ్చాడు. సంగతి తెలిసి మావుళ్లు కూడా వచ్చి, పిలవలేదు గనుక కొంచెం దూరంగా పెద్దమ్మను ఆపుకున్నాడు. వాన వెలిసింది గనుక ఊరంతా వచ్చింది.

అబ్బులు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కండి బాబూ."

"ఈ బండికి ఏం బాలేదు?"

"భలేవారండి. మీరే కదండి పాస్ చేశారు."

"అందుకే భయం" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

బురదలో నడుచుకుంటూ పెద్దమ్మ దగ్గరికి వచ్చారు. "ఇప్పుడేం బాలేదు?"

"ఎడమ తలుపు కొంచెం పైకెత్తి వేయాలండి. ఇంకేం లేదండి."

ఇన్‌స్పెక్టరుగారు తలుపు తీసి, ఎక్కి, పైకెత్తి వేసుకున్నారు. పడింది.

షావుకారుకు తల కొట్టేసినట్టయింది. "అయ్యా, అది ఫెయిలయిన బండి."

"అవును. ఎందులో ఫెయిలయిందో నాకు తెలుసు. ఆ నెమలి బండి ఎందులో ఫెయిలవుతుందో దాని యజమానికే తెలీదు. దారిలో దీన్ని మళ్లీ పరీక్ష చేస్తాను. బండి పోనీ మావుళ్లూ."

పెద్దమ్మ కదిలింది. అబ్బులుకు పౌరుషం వచ్చింది. తానూ ఖాళీ బండితో వెనకే బయల్దేరాడు. ఇన్‌స్పెక్టరుగారు చూస్తారని దుంగలవాళ్లను రావద్దన్నాడు.

రేవు వాలు జారుడుగా ఉంది. పెద్దమ్మ గొణుక్కుంటూ దిగింది. సగంలో ఇన్‌స్పెక్టరుగారు "ఆపు" అన్నారు. మావుళ్లు బ్రేకు తొక్కాడు. పెద్దమ్మ ఎడమకూ లాగలేదు, కుడికీ లాగలేదు. నిలబడింది. అక్కణ్నుంచి మెల్లగా దిగి, పంటు అంచుకు ముందు మళ్లీ నిలబడింది.

వెనక నుంచి ఎవరో నోటితో హారను కూస్తున్నట్టు వినిపించింది. అబ్బులే. అతని బండికి సొంత హారను లేదు. బ్రేకు కూడా లేదని అప్పుడే తెలిసినట్టుంది. పెళ్లికూతురు నిదానంగా పెద్దమ్మ పక్కనుంచి, పంటు పక్కనుంచి వెళ్లి, మూతి నీళ్లలో పెట్టి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నెమలి మాత్రం పైకి కనిపిస్తూ చాలా అందంగా ఉంది.

పెద్దమ్మే మోకు కట్టి దాన్ని బయటికి లాగింది. లాగుతూ, "నీ కాళ్లు ఏవమ్మా?" అని అడిగింది. పెళ్లికూతురు జీవితంలో మొదటిసారి నోరు విప్పి, "ఎప్పుడూ లేవత్తా" అంది.

ఇన్‌స్పెక్టరుగారు పంటు ఎక్కుతూ మావుళ్లుతో, "రేపు ఆఫీసుకు రా. కాగితం తీసుకెళ్దువుగాని" అన్నారు. అబ్బులుతో, "నువ్వు కూడా రా. నీది తీసుకురా" అన్నారు.

మర్నాటి నుంచి ఆకులన్నీ పెద్దమ్మ ఎక్కాయి. ఇనుము కొనేవాడు వచ్చి, తూకం రాయి మోసుకుంటూ తిరిగి వెళ్లాడు. దారిలో మావుళ్లే ఎక్కించుకుని రేవులో దింపాడు. అచ్చియమ్మ బండికి పసుపు రాసింది. ఊరు అది చూసి, నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించింది.

పాలు ఎప్పుడో పొంగిపోయాయి. కథ కూడా ఇక్కడితో అయిపోవలసిందే. కానీ మరుసటి ఏడు మళ్లీ పరీక్ష వచ్చింది.

ఈసారి ఎవరూ ఎవరికీ ఏమీ అరువు ఇవ్వలేదు. బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరుగారు ఒక్కొక్కరినీ అడిగారు. పోతురాజు చెప్పాడు. అబ్బులు చాలాసేపు చెప్పాడు. ప్రెసిడెంటుగారు కూడా కనుబొమ్మల సంగతితో సహా చెప్పారు. మావుళ్లు పెద్దమ్మ స్టీరింగు వదులైందని చెప్పాడు.

ఆ ఏడు ఆకులలంకలో ఒక్క బండీ పాస్ కాలేదు.

బండ్లు బాగుపడేదాకా ఊరంతా తమలపాకుల బుట్టలు నెత్తిన పెట్టుకుని రేవుదాకా నడిచింది. షావుకారు వీరభద్రం కూడా ఒకటి మోశాడు. ఆ ఏడు ఎవరి బండీ ఏట్లోకి వెళ్లలేదు.

పిల్లలూ, తనలో ఏం బాలేదో తానే చెప్పేవాడిని నమ్మి ఎంత ఏరైనా దాటవచ్చు.