ఉప్పుమడుగులో నక్క ఈత

సముద్రానికి దగ్గరలో చిప్పలేరు అనే మడ అడవి ఉంది. పీతలు, కొంగలు, కుందేళ్లు, నీటికుక్కలు, ఒక నక్క అందులో కాపురం ఉండేవి. అడవి మధ్యలో ఓ ఉప్పుమడుగు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగులో నీరు ఆవిరై పైకి పోయింది. ఉప్పు ఆవిరి కాదు కదా పిల్లలూ, అది అక్కడే ఉండిపోయింది. రోజురోజుకూ నీళ్లు ఉప్పుతో చిక్కబడ్డాయి.

ఒకరోజు నక్క కాలు జారి అందులో పడింది. చిత్రం! మునగలేదు. బెండు ముక్కలా తేలింది. ఇక దాని గొప్పలకు అంతు లేదు.

"ఈత అంటే కాళ్లు ఆడించడం కాదర్రా, పడుకోవడం!" అంటూ వేసవంతా వెల్లకిలా తేలుతూ అందరికీ పాఠాలు చెప్పింది.

ఇంతలో వానలు వచ్చాయి. మూడు రోజులు ఎడతెరిపి లేదు. మడుగు నిండి, నీళ్లు తల్లి కుందేలు బొరియ దాకా వచ్చేశాయి. లోపల కళ్లు తెరిచీ తెరవని పిల్లలు రెండు. వాటిని అవతలి దిబ్బకు చేర్చకపోతే దక్కవు.

"నా పొట్టే పడవ చెల్లెమ్మా, పిల్లల్ని ఎక్కించు!" అంది నక్క.

తల్లి కుందేలు ఒక పిల్లను నోట కరుచుకుని ముందుకు వచ్చింది. అప్పుడే ముసలి నీటికుక్క గట్టు మీద వంగి, నాలుకతో నీళ్లు తాకి చూసింది. రుచి చూడనిదే అది ఏ నీళ్లలోనూ దిగదు.

"ఏం పెద్దమ్మా, పులుసు కుదిరిందా?" అని నవ్వింది నక్క.

"ఉప్పు తగ్గిందిరా అబ్బాయ్. ఇవి నిన్నటి నీళ్లు కావు."

కుందేలు పిల్లను వెనక్కి పెట్టి, "అన్నా, ముందు నువ్వొక్కడివే ఒకసారి తేలి చూపించు" అంది.

"నాకే పరీక్షా?" నక్క మూతి ముడిచి, కాలు మీద కాలు వేసుకుని నీళ్లలో వెల్లకిలా వాలింది.

బుడుంగ్! నాలుగు బుడగలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

నీటికుక్క దూకి, చెవి పట్టి గట్టుకు ఈడ్చింది. నక్క దగ్గీ దగ్గీ, "మడుగు అదే, నేనూ అదే! మరి మునిగానేం?" అంది.

"చిక్కటి ఉప్పునీళ్లు బరువురా. అవే నిన్ను పైకి ఎత్తాయి. వాననీళ్లు కలిసి పలచబడ్డాయి, ఎత్తడం మానేశాయి. ఇందులో నీ ఈత ఎక్కడుంది?"

తరువాత అందరూ కలిసి ఒక ఎండు దుంగను నీళ్లలోకి దొర్లించారు. కుందేలు, పిల్లలు దాని మీద కూర్చున్నారు. నీటికుక్క ముందుండి లాగింది. వెనక దుంగను గట్టిగా పట్టుకుని నక్క కాళ్లు ఆడిస్తూ తోసింది. దిబ్బ ఎక్కేసరికి దానికి నిజంగానే కాస్త ఈత వచ్చింది.

నీతి: పరిస్థితులు చేసిన సాయాన్ని మన గొప్ప అనుకోకూడదు, అవి మారాయేమో చూసుకున్నాకే అడుగు వేయాలి.