పొన్నుకర్ర చప్పుడు

శంభుదీక్షితులవారు శిష్యుల సందేహానికి నిఘంటువు తెరిచి ఎరుగరు. ఉత్తరీయం భుజాన వేసుకొని, చూసి వద్దాం పదమనేవారు.

శిష్యుడు మాధవయ్య ఆంగ్లాంధ్ర నిఘంటువు కూర్చుతూ ‘ఇంటిమిడేట్’ అనే క్రియ దగ్గర ఆగిపోయాడు. భయపెట్టు, బెదిరించు, జడిపించు అని వ్రాసి, మూడూ కొట్టివేశాడు. చంపుతానని ఎవరూ అనకపోయినా, చెయ్యి ఎత్తకపోయినా, ఎదుటివాడు పూనుకొన్న పనిని తానే విడిచి పోయేట్టు చేయడం కూడా ఆ మాటకు వాడుక అనీ, దానికి తగిన తెలుగు ఏదనీ గురువుగారిని అడిగాడు. అడుగుతున్నంతసేపూ అతని చూపు నేలమీదనే ఉన్నది. కిందటి ఏడు తన తొలి అష్టావధానంలో మూడవ ఆవృత్తి నడుమ వేదిక దిగిపోయినవాడు అతడు. మళ్లీ ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నమే కొవ్వూరులో దీక్షితులవారి శిష్యురాలు భార్గవి తొలి అవధానం. దీక్షితులవారు మాధవయ్యను వెంటబెట్టుకొని వెళ్లారు. ఎనమండుగురు పృచ్ఛకులకు ఏకకాలంలో బదులు చెబుతూనే, నడుమ నడుమ మ్రోగే గంటలను మనసులో లెక్కించి చివర చెప్పాలి. తప్పితే, ఆడపిల్లకు ఈ విద్య పట్టుబడదన్న ఊరిమాట స్థిరపడిపోతుంది. సమస్య ఇచ్చినవారు వృద్ధ పండితులు సోమపీథిగారు. కిందటి ఏడు మాధవయ్యకు ఇచ్చినవారూ వారే. భార్గవి పద్యపాదం ఎత్తుకొన్నప్పుడల్లా వారి పొన్నుకర్ర ఇనుపకొన వేదిక చెక్కను ఠంగున తాకేది. రెండవ ఆవృత్తిలో వారు ఆప్యాయంగానే అన్నారు:

“ఇక్కడ మహామహులే తడబడ్డారమ్మా. లేచి వెళ్లినా నిన్ను చూసి ఎవరూ నవ్వరులే.”

సభలో కూర్చున్న మాధవయ్య సగం లేచాడు. భార్గవి నమస్కరించి పాదం పూర్తి చేసింది.

చివరకు పూరించిన పద్యాలన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పగించింది. గంటలెన్నని అడిగారు.

“గంటలు ఇరవై మూడు. సోమపీథి తాతగారి కర్ర పదకొండు. కూడి చెప్పమంటారా?”

సోమపీథిగారు కర్రను కుర్చీకి ఆనించి, అది లేకుండానే నాలుగడుగులు నడిచి, తమ శాలువ తీసి ఆమెకు కప్పారు. అప్పుడు మ్రోగిన చప్పట్లకు దీక్షితులవారు చేతులు కలపలేదు. వారి వెన్ను మాత్రం మరికొంత నిటారైంది.

తిరుగుదారిలో గోదావరి గట్టుమీద మాధవయ్య గురువుగారి వెనుకనే నడిచాడు. కడకు, ఆ క్రియకు ఏమి వ్రాయమంటారని మళ్లీ అడిగాడు.

దీక్షితులవారు ఆగారు.

“వ్రాయవచ్చులే. కిందటి ఏడు నీవు వేదిక దిగేలోగా ఆ కర్ర ఎన్నిమార్లు మ్రోగినది, నాయనా?”