ముఖం లేని రాక్షసుడు

కోటకు కొత్త రాజు వచ్చాడంటే చిత్రకారుడు గురవప్పకు నడుం నొప్పి మొదలైనట్టే. సభామండపం గోడ మీద రాక్షసుణ్ణి చంపే వీరుడి బొమ్మ ఉంది. గెలిచిన ప్రతి రాజూ వీరుడికి తన ముఖం, రాక్షసుడికి ఓడిన రాజు ముఖం వేయించేవాడు. రంగు మీద రంగు పడి గోడ అట్టలు కట్టింది. గురవప్ప ముసలివాడయ్యాడు.

ఈసారి రాజూ అదే చెప్పి, తన బొమ్మ కోసం ఎదురుగా కూర్చున్నాడు. గురవప్ప ముందు రాక్షసుడి ముఖం పూర్తిచేశాడు.

"అచ్చం పాత రాజే. చచ్చినవాడి పోలిక ఇంత బాగా ఎలా గుర్తుంది?" అన్నాడు రాజు.

"గుర్తెక్కడిది ప్రభూ. వీరుడి బొమ్మకని ఆయన్నీ అక్కడే కూర్చోబెట్టి గుడ్డ మీద గీసుకున్నాను. అది చూసే వేశాను. తమరూ కాస్త కదలకుండా కూర్చోండి. రేపు రాక్షసుడికి కావాలంటే తమరు దొరకరు."

రాజు చెయ్యి కత్తి మీదికి వెళ్లి, మెల్లగా ఒళ్లోకి వచ్చింది.

"ఆ ముఖం చెరిపెయ్. అక్కడ ఇక ఎవరి ముఖమూ వద్దు."

ఆ రాక్షసుడికి ఇప్పటికీ ముఖం లేదు. గీసినవాడికి ఓపిక అయిపోయిందనుకుంటారు చూసినవాళ్లు. అదీ అబద్ధం కాదు.