సీసామూతలా పలికిన గజ్జె

పొందూరు నేతగాళ్ళలో చలమయ్యగారని ఒక గురువు ఉండేవారు. ఎవరు ఏ సందేహంతో వచ్చినా ఆయన మగ్గం మీంచి లేచేవారు కారు. చెప్పవలసింది ఏమీ లేకపోతే నేత అలాగే సాగిపోయేది. ఉంటే, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఆగేది.

ఒకనాడు కామేశం అనే శిష్యుడు వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తా, యాభై దాటినవాడు. భార్య సుభద్ర పోయి మూడేళ్ళయింది. తన సందేహం బయటపెట్టాడు.

“గురువుగారూ, ధ్యానానికి కళ్ళు మూసుకుంటే చాలు, సుభద్ర పిలిచినట్టుంటుంది. పెరట్లోంచి పిలిచినట్టు. మనసులో లేచేవాటిలో ఉంచుకోవలసినవి కొన్నీ, ఊడ్చి పారెయ్యవలసినవి కొన్నీ ఉంటాయంటారు గదా. ఇదంతా చెత్తేనని మా అన్నయ్య అంటాడు. నేనూ తోసేస్తూనే ఉన్నాను. అసలు ఏది చెత్తో ఏది కాదో ఎలా తెలుసుకునేది?”

నాడె ఆగింది. చలమయ్యగారు శాస్త్రం ఎత్తలేదు. ఒక ఏడాది భీమిలిలో ఉండగా తాను కళ్ళారా చూసిన సంగతి చెప్పారు.

భీమిలి తీరంలో ఏకాశి అని ఒకడు ఉండేవాడు. లోహాల జాడ పట్టే యంత్రం ఒకటి అతని దగ్గర ఉండేది. పొడుగాటి కర్ర, కర్ర చివర పళ్ళెం లాంటిది, చెవులకు తొడుగులు. దాన్ని ఇసక మీద ఊపుకుంటూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట చెవిలో కూత వినిపిస్తుంది. షికారుకొచ్చిన జనం జారవిడిచిన నాణాలు ఏరుకోవడం అతని పని. మొదటి ఏడాది తవ్విందంతా మేకులూ సీసామూతలూ. తర్వాత చెవి తేరింది. ఇనుము బొంగురుగా గుర్రుమంటుంది. నాణెం ఎటునుంచి విన్నా ఒకే గొంతుతో, గుండ్రంగా పలుకుతుంది. సీసామూత దగ్గరే మోసపోతారు. ఇటునుంచి వింటే అచ్చం నాణెమే. చుట్టూ తిరిగి అటునుంచి వింటే గొంతు జీరపోయి ముక్కలవుతుంది. అందుకని ఏకాశి ప్రతి కూతనూ రెండు పక్కలనుంచీ వినేవాడు. గొంతు మార్చినదాని దగ్గర వంగేవాడు కాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో అతని చెయ్యి సీసామూతను ముట్టలేదని తీరమంతా చెప్పుకునేవారు. అందరికంటే ఎక్కువగా అతనే చెప్పుకునేవాడు.

ఎవరో కొత్త పెళ్ళికూతురి ఉంగరం వెతికిచ్చాడని విని, ఒక ఉదయం రాజులమ్మ అనే ఆవిడ పక్క ఊరినుంచి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి. ఆవిడ భర్త తప్పెటగుళ్ళ ఆటగాడు. రొమ్ముకు రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టి గుంపుగా ఆడే ఆట అది. ఆరేళ్ళ కిందట సరుగుడు తోట పక్క ఇసకలో ఆడుతూ, ఎగిరి దిగిన ఊపులో అతని కాలి పట్టీనుంచి ఒక గజ్జె తెగిపడింది. “రేపు పోయి ఎతుకుతానే” అన్నాడట ఇంటికొచ్చి. తెల్లారేసరికి జ్వరం. వారం తిరక్కుండానే పోయాడు. అప్పటినుంచీ రాజులమ్మ నెలకోసారైనా తోట పక్కకు వచ్చి, చేతులతో ఇసక గోకి వెళ్ళేది.

“కంచు గజ్జేనా? ఒక్క పూటలో తీసిస్తానమ్మా” అన్నాడు ఏకాశి.

“లోన ఇనప గుండుంటాది బాబూ. అదుంటేనే గదా మోగేది.”

ఆమె కొంగుముడిలోంచి మిగిలిన గజ్జెల పట్టీ తీసింది. ఏకాశి అందులోంచి ఒక గజ్జె విప్పి ఇసకలో జానెడు లోతున పెట్టి యంత్రం ఊపాడు. ఇటునుంచి నాణెంలా పలికింది. చుట్టూ తిరిగి ఊపాడు. గొంతు జీరపోయి ముక్కలైంది. అతను చెవి తొడుగులు తీసేసి ఇసకలో కూలబడ్డాడు. తోట పక్కన ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నాడో, ఎన్నిసార్లు దాటిపోయాడో అతనికే తెలియదు.

“అమ్మా, ఇక్కడ ఇలా కూసేవి వందలున్నాయి. ఏది నీదో నా చెవి చెప్పలేదు.”

“అయితే అన్నీ తవ్వు.”

“అన్నీ మూతలే వస్తాయమ్మా.”

“రానీ. నానిక్కడే కూకుంటాను.”

మర్నాటినుంచి ఏకాశి తోట పక్క ఇసకను తాడుతో చాళ్ళు చాళ్ళుగా విడదీసి, గొంతు మార్చిన ప్రతి చప్పుడు దగ్గరా వంగి తవ్వాడు. నాణెంలా నిక్కచ్చిగా పలికినవాటిని ఆ రోజుల్లో దాటిపోయాడు. తీసిన ప్రతి మూతనూ రాజులమ్మ చేతిలోకి తీసుకునేది. కొంగుతో తుడిచి, ఇటూ అటూ తిప్పి చూసి, గంపలో వేసేది. మూతని తెలిసీ అలా చూసేది. అది మాత్రం చూడలేక ఏకాశి తల తిప్పుకునేవాడు. శనక్కాయలమ్మేవాళ్ళు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

తొమ్మిదోనాడు ఎండ నెత్తికెక్కే వేళకు, పచ్చగా చిలుం పట్టిన ఉండ ఒకటి చేతికొచ్చింది. ఇసక రాల్చి పట్టీ పక్కన పెట్టి చూశారు. అదే పోత, అదే పరిమాణం. రాజులమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మోగలేదు. అలల్లోకి వెళ్ళి కడిగి తెచ్చి మళ్ళీ ఊపింది. మోగలేదు.

“గుండు తుప్పుపట్టి అతుక్కుపోయిందమ్మా. కంచరాయన దగ్గర కొత్త గుండు వేయిస్తే మోగుతుంది” అన్నాడు ఏకాశి.

ఆమె గుప్పిట మూసింది. “వద్దు బాబూ. అప్పుడు మోగింది ఇదేటి? మా బావ కాలు గానీ.”

అక్కడే, ఆ తవ్విన గోతుల మధ్య కూర్చుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చాక, ఏకాశికి సంజాయిషీ చెప్పుకున్నట్టుగా అంది: “ఆడు పోయినప్పుడు కూడా ఏడవనేదు బాబూ. ఎతుకుతున్నాను గదా అని.”

గజ్జె రొంటిని దోపుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఆ ఇసకలో ఆమెను ఎవరూ చూడలేదు.

చలమయ్యగారు చెప్పడం ఆపారు. కామేశం, “ఆ తర్వాత ఏకాశి చెత్తను ఎలా పోల్చుకునేవాడండీ?” అని అడిగాడు.

“నాణాలు ఏరుకోవడానికి పాత పద్ధతే. ఎవరైనా పోగొట్టుకుని వస్తే మాత్రం, యంత్రం ముట్టుకోకముందు ఏం పోయిందో కూర్చుని అడిగేవాడు.”

“మరి నన్నేం చెయ్యమంటారు? తోసెయ్యనా, ఉంచుకోనా?”

“పెరట్లోంచి సుభద్రమ్మ ఏమని పిలుస్తుంది?”

కామేశం జవాబు చెప్పబోయాడు.  ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా ఆ పిలుపు చివరిదాకా వినలేదని అతనికి అప్పుడు తెలిసింది.

చలమయ్యగారు నాడె అందుకున్నారు.

“మూడేళ్ళుగా పిలుస్తోంది గదా. ముందు పలుకు, నాయనా” అన్నారు.