రేచుక్క కళ్ళెం

అనగనగా ఒక అడవిలో, పొద్దెక్కినా మంచు బద్ధకంగా పడుకునే ఉండే లోయ ఒకటుండేది. ఆ లోయలో రేచుక్క అనే గుర్రం ఉండేది. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్లటి చుక్క. దానికో బుల్లి పిల్ల. వాళ్ళ నేస్తం గవరయ్య అనే కోతి. మనసు వెన్నే పిల్లలూ, కాళ్ళే ఒక్కచోట నిలవవు. కోతి కదా మరి!

ఏటా చలికాలం చివర ఆ లోయలో మంచుతెర పందెం జరిగేది. సాలీళ్ళు కొమ్మకూ కొమ్మకూ మధ్య సన్నటి దారాలు కట్టేవి. తెల్లారేసరికి వాటి నిండా మంచుబొట్లు వేలాడేవి. గుర్రం తల వంచి, దారాలు తెగకుండా వాటి కిందుగా నడిచిపోవాలి. తల వంచుకున్న గుర్రానికి ఆ మంచులో దారి కనబడదు. మెడ మీద బోర్లా పడుకున్న కోతే పగ్గాలు మెల్లగా లాగి దారి చూపాలి. గెలిచినవాళ్ళకు ఎండాకాలమంతా ఏటి ఒడ్డు పచ్చిక దక్కుతుంది.

కిందటేడు వీళ్ళు ఓడిపోయారు. ఎండుగడ్డి తిని తిని రేచుక్కకు పాలు తగ్గాయి. పిల్ల ఆకలితో ఏడుస్తుంటే గవరయ్యకు గుండె తరుక్కుపోయింది.

"ఈసారి గెలవకపోతే నా తోక కోసుకుంటా!" అన్నాడు.

కాని ఒక చిక్కు వచ్చిపడింది. పగ్గం లాగితే చాలు, రేచుక్క తల పైకి ఎగరేసేది. టప్పున దారం తెగేది. మంచుబొట్లన్నీ జలజలా రాలిపోయేవి.

"కళ్ళెం కుదరలేదు," అనుకున్నాడు గవరయ్య. కళ్ళెంలో నోటికి అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది కదా, అదన్నమాట. వెంటనే వడ్రంగిపిట్ట పోలయ్య దగ్గరికి పరుగెత్తాడు.

పోలయ్య మధ్యలో మడత పడే కడ్డీ ఒకటి చెక్కి ఇచ్చాడు. గవరయ్యకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. ముందు తన నోట్లోనే పెట్టుకుని చూసుకున్నాడు.

"ఆహా, ఎంత హాయిగా ఉందో!"

తెచ్చి రేచుక్క నోట్లో పెట్టి, "బాగుందా?" అని అడిగాడు.

నోట్లో కడ్డీ పెట్టుకుని ఎవరు మాత్రం ఏం చెబుతారు? "ఊఁ," అంది రేచుక్క.

పగ్గం లాగాడు. తల ఎగిరింది. దారం తెగింది.

"నీ తల తిక్క పాడుగాను!" అని కడ్డీ ఊడబీకి, రేచుక్క నోరు విప్పేలోపే పోలయ్య ఉండే చెట్టెక్కేశాడు.

ఈసారి లావుపాటి కడ్డీ చేయించాడు. "లావుగా ఉంటే మెత్తగా ఉంటుందిలే." మళ్ళీ తన నోటితోనే కొలత. మళ్ళీ "బాగుందా?" మళ్ళీ "ఊఁ." మళ్ళీ దారం తెగింది.

మూడోసారి ఆ కడ్డీకే బూరుగు దూది చుట్టి, పందెం పెద్ద అయిన కొంగ తాతకు చూపించాడు. ఏ కళ్ళెమైనా ఆయన ఒప్పుకుంటేనే పందెంలోకి వచ్చేది. తాత తన పొడుగు ముక్కు కడ్డీ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిపాడు.

"కడ్డీ నున్నగా ఉండాలి. దానికి ఏదీ చుట్టకూడదు. ఇది చెల్లదు నాయనా."

"మరి తీగతో నోరు బిగించి కడితే? అప్పుడు తల ఎగరేయదుగా?"

కొంగ తాత మొహం అదోలా పెట్టాడు. "అది వద్దని నియమంలో లేదు. చేయాలా వద్దా అన్నది నీ ఇష్టం."

గవరయ్య తీగ పట్టుకుని వచ్చాడు. తెల్లారితే పందెం. లోయంతా పాలపొంగులా మంచు దిగుతోంది. ఆ తెల్లదనంలో రేచుక్క కలలో గుర్రంలా నిలబడి ఉంది. పిల్ల దాని డొక్కకు ఆనుకుని కునుకు తీస్తోంది.

నోటి చుట్టూ తీగ తిప్పబోతూ గవరయ్య ఆగిపోయాడు. రేచుక్క పెదవి మూల ఎర్రగా కమిలి ఉంది. అది చూసేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తీగ జారి కింద పడింది.

"రేచుక్కా, నొప్పిగా ఉందా తల్లీ?"

"చాలా నొప్పి మామా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగినప్పుడల్లా నా నోట్లో కడ్డీ ఉంది. తీశాక నువ్వుండవు," అంది రేచుక్క మెల్లగా.

గవరయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా కూర్చున్నాడు.

"నా నోటికి హాయిగానే ఉందే," అన్నాడు చివరికి.

"నీకు దవడల్లో సంచులున్నాయి మామా, ఏది పెట్టినా పడుతుంది. నా నోటి నిండా నాలుకే. మడత కడ్డీ అంగిట్లో పొడుస్తుంది. లావుది నాలుకను నొక్కేస్తుంది."

గవరయ్య దాని నోరు తెరిపించి బాగా చూశాడు. అప్పటికప్పుడు పోలయ్యను పిలుచుకొచ్చాడు. పోలయ్య వేపకొమ్మతో సన్నటి కడ్డీ చెక్కాడు. నాలుకకు చోటుండేలా మధ్యలో చిన్న వంపు పెట్టాడు. గవరయ్య దాన్ని రేచుక్క నోట్లో పెట్టి, తీసి, అప్పుడు అడిగాడు.

"ఇప్పుడు చెప్పు."

"వంపు ఇంకాస్త కావాలి మామా."

పోలయ్య ఇంకాస్త చెక్కాడు. గవరయ్య మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఇప్పుడు బాగుంది," అంది రేచుక్క.

తెల్లవారింది. కొంగ తాత కడ్డీ మీద ముక్కు నడిపి, "నున్నగా ఉంది. చుట్టింది ఏదీ లేదు. చెల్లుతుంది," అన్నాడు.

రేచుక్క మంచులోకి అడుగు పెట్టింది. నేలేదో ఆకాశమేదో తెలియడం లేదు. తలపైన దారాల మీద మంచుబొట్లు చిన్న చిన్న దీపాల్లా వెలుగుతున్నాయి. గవరయ్య పగ్గాన్ని ఊపిరంత మెల్లగా లాగాడు. రేచుక్క తల ఎగరేయలేదు. నిద్రపోతున్న పిల్ల మీదికి వంగినట్టు వంగింది. ఒక్కో దారం దాటిపోతోంది. చివరి దారం వాళ్ళ పైన కాస్త వణికి, మళ్ళీ నిలిచింది. ఒక్క బొట్టూ రాలలేదు.

మంచు అవతల పిల్ల ఎదురుచూస్తూ నిలబడి ఉంది. దాని కాళ్ళ కింద ఏటి ఒడ్డు పచ్చిక. ఆ వేసవంతా అది ఆ పచ్చిక మీదే గంతులేసింది. పాలకు కరువే లేదు.

గవరయ్య గంతులు మాత్రం మానలేదు లెండి. కాని అప్పటినుంచి రేచుక్కను ఏదైనా అడగాలంటే ముందు కళ్ళెం తీసేవాడు. తీశాక, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు.

నీతి: ఎదుటివారి నొప్పిని మన నోటితో కొలవకూడదు, వాళ్ళను నోరు విప్పనిచ్చి అడగాలి, చెప్పేదాకా ఆగి వినాలి.