రాజవైద్యుడి తాటాకులు

చెంగలకోట రాజు మల్లభూపతికి ఒకనాడు పొద్దున్నే పళ్లు తోముకుంటుండగా ఒక కోరిక పుట్టింది. రోగి లక్షణాలు చెబితే మందు చెప్పే యంత్రం ఒకటి తన కొలువులో ఉండాలి! పక్క రాజ్యంలో లేదు కాబట్టి తప్పకుండా ఉండాలి.

రాజుగారి కోరికకు ఖజానా తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి. కంచుపని చేసే నాగలింగాచారి ఆరు నెలలు కష్టపడి మూడు వందల చక్రాలతో యంత్రం చేశాడు. దానికి వెండిపీట వేశారు, పట్టుగొడుగు పట్టారు, ఊరందరికీ పులిహోర పంచారు.

"ఇక చెప్పమనవయ్యా" అన్నాడు రాజు.

ఆచారి చేతులు నలుపుకున్నాడు. "మహాప్రభూ, ఇదింకా చంటిబిడ్డ. ఏ రోగికి ఏ మందు వేశారో, తర్వాత ఏమైందో రాసిన తాటాకులు వందలకొద్దీ తినిపిస్తే గాని దీనికి మాట రాదు. అవన్నీ రాజవైద్యులవారి గదిలో ఉన్నాయి. రోగుల పేర్లు మాకొద్దు. పేరున్న కొస కత్తిరించి ఇచ్చినా చాలు."

రాజవైద్యుడు వాచస్పతికి 'మృత్యుంజయ' అని బిరుదు. తన చేతి రోగి ఒక్కడూ చావలేదని ఆయనే చెప్పేవాడు. గట్టిగా చెప్పేవాడు కాబట్టి అందరూ నమ్మేవారు.

"రోగి గుట్టు వైద్యుడి ప్రాణం ప్రభూ! ఏ ఆకు తీయాలన్నా ఆ రోగి స్వయంగా వచ్చి సరేననాలి. అది ధర్మం" అన్నాడాయన.

ధర్మం అన్న మాట వినబడితే మల్లభూపతి ఇక నోరెత్తడు. యంత్రం కూడా వెండిపీట మీద నోరు మూసుకుని కూర్చుంది. దానికి లేని వైభోగం లేదు, తిండి తప్ప.

ఆ రోజుల్లోనే నేతగాళ్లుండే సాలెపేటలో విషజ్వరం పాకింది. ఇంటికొకరు మంచం పట్టారు. వీరనాగమ్మ అనే నేతగత్తె కోట గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తుంటే, రాజుగారి తాంబూలపు పెట్టె మోసే గుండయ్య చూశాడు.

"ఏమైందమ్మా?"

"పెద్దవైద్యుడు చూసినా పెద్దోడు పోయాడయ్యా. ఆలీసంగా తెచ్చానన్నారు. ఇప్పుడు చిన్నోడికి జొరం. పెద్దవైద్యుడి గుళిక వెయ్యమంటారు కొందరు, హకీము కషాయం పట్టమంటారు కొందరు. ఏది ఏస్తే బతుకుతాడో ఎవుర్నడిగినా చెప్పరేంటయ్యా!"

గుండయ్య కొలువు వైపు తిరిగి చూశాడు. చెప్పగల యంత్రం పట్టుగొడుగు కింద ఉంది. చెప్పించగల ఆకులు తాళం వెనక ఉన్నాయి. మధ్యలో ధర్మం అడ్డంగా పడుకుంది.

తాంబూలం అందిస్తూ రాజుతో అన్నాడు. "ప్రభూ, రాజవైద్యులు చెప్పిందే న్యాయం. అందరినీ పిలిపించి అడుగుదాం."

పక్కనే ఉన్న వాచస్పతి మొహం వికసించింది. మగ్గాలు వదిలి ఎవరొస్తారులే అని ఆయన ధీమా.

"ఈ జ్వరానికి తమరు ఎందరికి వైద్యం చేశారు స్వామీ?" అని వినయంగా అడిగాడు గుండయ్య.

"నూట నలభై మందికి. అందరికీ నయం చేశాను!"

"ఆహా! అయితే ప్రభూ, ఆ నూట నలభై మందీ రేపు కొలువుకు రావాలని దండోరా వేయించండి. రానివాడు రాజాజ్ఞను ధిక్కరించినట్టే."

మర్నాడు కొలువు నిండింది. గుండయ్య లెక్కపెట్టాడు. వచ్చినవాళ్లు అరవై ఒక్కరు. అందరూ తమ ఆకులు తీసుకోమన్నారు.

"ఇంకా డెబ్బై తొమ్మిది మంది రాలేదు ప్రభూ. తలారిని ఇంటింటికీ పంపాను. ఇళ్లు దొరికాయి, మనుషులు దొరకలేదు."

రాజు మీసం లేచింది. "నా మాటంటే ఇంత అలుసా? పట్టి తెండి!"

"వాళ్లంతా నిక్షేపంగా ఉన్నారని నిన్న పూచీపడింది రాజవైద్యులు. కాబట్టి అప్పగించే భారమూ వారిదే."

వాచస్పతి ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నాడు. "వాళ్లు... చుట్టాలింటికి వెళ్లి ఉంటారు."

"ఏ ఊరు స్వామీ? గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి."

"దూరం. చాలా దూరం."

"డెబ్బై తొమ్మిది మందీ ఒక్క ఊరికేనా? ద్రోహులను దాచినవాడికి కూడా కొరడా దెబ్బలే కదా ప్రభూ?"

"అవును, తలకొక్కటి చొప్పున!" అన్నాడు రాజు.

కొరడావాడు ముందుకు వచ్చాడు. అంతే, మృత్యుంజయుల గొంతు కీచుమంది.

"చచ్చిపోయారు ప్రభూ! అందరూ చచ్చిపోయారు!"

కొలువులో ఎవరో ఫక్కున నవ్వబోయి, గోడవారన నిలబడిన ఆడవాళ్లను చూసి ఆపుకున్నారు. పోయినవాళ్ల తాలూకు వాళ్లే అందరూ. వీరనాగమ్మ ముందుకొచ్చింది.

"నా పెద్దోడి ఆకు నేనిత్తన్నాను దొరా. ఆడెలాగూ రాలేడు. చిన్నోడి కోసం తీసుకోండి."

మిగతా ఆడవాళ్లూ తమవాళ్ల ఆకులు తీసుకోమన్నారు. మల్లభూపతి తల దించుకున్నాడు. పులిహోర పంచిన రోజు ఆయనకు ఈ ముఖాలేవీ కనబడలేదు. తాళం పగలగొట్టమని తనే అరిచాడు. కొసలు కత్తిరించిన ఆకులు గంటలో యంత్రంలోకి వెళ్లాయి. చక్రాలు గిరగిర తిరిగి ఆగాయి. ఆచారి చదివి వినిపించాడు.

"హకీము కషాయం తాగారని, గుళికను ఊసేశారని రాజవైద్యులవారు తిట్టి రాసుకున్నవాళ్లంతా బతికారు. మింగినవాళ్లు పోయారు ప్రభూ."

ఆ మాట పూర్తికాకముందే వీరనాగమ్మ హకీము ఇంటివైపు పరుగెత్తింది. బిరుదు, బిళ్ల ఊడబెరికి వాచస్పతిని గడప దాటించారు.

"గుండయ్యా, ఆ బిరుదు ఇక నీది! ఏమంటావు?" అన్నాడు రాజు.

"వద్దు ప్రభూ. ఆ బిరుదు నిలబెట్టుకోవాలంటే నేనూ ఆకులు దాచాల్సొస్తుంది."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు కూడా పగలబడి నవ్వి, చేతి కంకణం తీసి గుండయ్యకు తొడిగాడు.